పొల్లు

పాలకొల్లు కాలవగట్టు మీద
పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు, దాని పైన గది.
అద్దె పన్నెండొందలు. కిటికీ ఒకటే.
అక్కడ కూర్చుని తప్పులు ఏరతాను.

ముప్పయ్యేళ్లు రత్నగిరి ప్రెస్సులో ఇదే పని.
శుభలేఖలు, కరపత్రాలు, సొసైటీ లెక్కలు;
చి.ల.సౌ. పక్కన చుక్క రాలిపోతే
పెళ్లివారి కన్నా ముందు నేను ఉలిక్కిపడేవాణ్ణి.
ప్రెస్సు ఇనుప తూకానికి వెళ్లింది.
అప్పుడు అచ్చుతప్పులు.
ఇప్పుడూ అచ్చుతప్పులే:
ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల గొంతుల్లో
ఎక్కడ ఒక అచ్చు అదనంగా పడిందో
మిషనుకి వేలు పెట్టి చూపించాలి.
వెయ్యి గొంతులు నేను చూపిస్తే
వెయ్యిన్నొకటోది అదే పట్టుకుంటుందట.

పనిలో పెట్టుకునే ముందు నాకూ పరీక్ష.
చెవి పాసు. నోరు ఫెయిలు.
చదివిన పాతిక వాక్యాల్లో
పంతొమ్మిది ఎర్రగా వెలిగాయి.
"పర్లేదు మాస్టారూ, మాక్కావలసింది మీ చెవే"
అన్నాడు దండు వారి కుర్రాడు ఫణీంద్ర,
చెవి ఒక్కటే కోసి పట్టుకెళ్లేవాడిలా.

మన మాట ఆగదు, వాలుతుంది.
బస్ అని ఊరుకోలేం. బస్సు,
కప్పు, లైటు, నర్సు.
గట్టు దిగిన గేదె నీళ్లలోకి జారినట్టు
చివర ఒక ఉకారంలోకి జారతాం.
ఇంగ్లీషు మాట అలా కాదు,
పొల్లు దగ్గర పుటుక్కున తెగుతుంది.

పొల్లు.
మా అమ్మ మాణిక్యం కళ్లంలో చేట ఎత్తి
గాలికి వదిలేసేది దాన్ని.
గింజ కాళ్ల దగ్గర, పొల్లు పక్క చేలో.
ఇక్కడ తూర్పారబట్టడం తిరగబడింది:
పొల్లు దాచాలి,
పాలు పోసుకున్న గింజని ఎగరెయ్యాలి.
ఎర్ర మీట. ఎర్ర మీట. పచ్చ మీట.
రోజుకి ఆరొందల క్లిప్పులు.

పేర్లుండవు.
నాలుగు వేల నాలుగొందల పదిహేడు: ఆడగొంతు.
"ప్లీజు క్లోజు ది వాల్వు."
మూడు ఉకారాలు, గరగర లేని జకారాలు రెండు,
పై పళ్లు కింది పెదవిని తాకని వకారాలు రెండు.
అన్నిటికీ ఎర్రే పెట్టాను.
ప్రూఫులు దిద్దినవాణ్ణి,
జాలిపడి కామా కూడా వదల్లేదు ఎప్పుడూ.

వెనక ఒక మోత,
టపటపా నీళ్లని బాదే రెక్కలు.
శబ్దం ఉందా, లేదా అని అడిగింది మిషను.
ఉంది అని నొక్కాను.
అది ఏరియేటరని, రొయ్యల చెరువని,
నీళ్లలో ఊపిరి పడిపోయే తెల్లారగట్ల
కాపలా మంచం మీద ఫోను నోటి దగ్గర పెట్టుకుని
ఒకావిడ పాఠం అప్పజెబుతోందని
రాయడానికి గడి లేదు.

రెండు నెలలు పోయాక
అదే మోత, అదే గొంతు, నంబరు వేరు.
"ప్లీజ్. క్లోజ్. ది వాల్వ్."
కొడవలి పెట్టి కోసినట్టు ఒక్కో మాటా.
నా వేలు కదలకముందే పచ్చగా వెలిగింది తెర.
నేర్చేసుకున్నారు, ఆవిడా అదీ.
కింద షెడ్డులో ఇంజను దగ్గి ఆగింది.
గదిలో ఎవరూ లేరు కదా అని
నేనూ పైకి అనిచూశాను: వాల్వు.
ఇంకోసారి: వాల్వు.

క్లిప్పు అయిపోలేదు.
రికార్డింగు కట్టడం మరిచిపోయినట్టుంది.
కాసేపు నీళ్ల మోత, తర్వాత గొంతెత్తి
అటు గట్టు మీద ఎవరితోనో:
"ఒరే సత్తిపండూ, ఏరియేటరు కట్టీకు,
వత్తన్నానుండు!"

మిషను బూడిద రంగు గీత గీసింది దాని కింద.
పరభాష. తొలగించుము.

పొల్లు పోకుండా మూడుసార్లు విన్నాను.
ఒక్క పొల్లూ లేదు.
తర్వాత తొలగించాను.
ఇంకా రెండొందల ఎనభై ఉన్నాయి.